పాత పనిముట్లకు సెలవు చీటీ

గత సంక్రాంతి మరునాటి రాత్రి, ఇంటిల్లిపాదీ నిద్రపోయిన తరువాత, నా కంప్యూటరు నన్నొక ప్రశ్న అడిగింది. కొత్త సంచిక అమర్చడం పూర్తయింది, పాత సంచిక నాటి 143 ప్యాకేజీలు ఇకమీదట అవసరం లేదు, వాటిని తొలగించవచ్చునా? ప్రశ్న కింద ఆ నూట నలభై మూడింటి పేర్లూ చీమలబారులా ఉన్నాయి. ఒక్కటీ చదవలేదు. తెల్లవారేసరికి ఒక ప్రచురణకర్తకు అనువాదం పంపవలసి ఉన్నది. ‘ఔను’ అనే అర్థం వచ్చే అక్షరం ఒకటి నొక్కి పడుకున్నాను.

వారం రోజుల తరువాత మా నాన్నగారి ఆబ్దికం వచ్చింది. భోజనాలయిన తరువాత, ఆయన 2004లో నాచేత టైపు చేయించిన జ్ఞాపకాలను పిల్లలకు చదివి వినిపిద్దామని ఆ ఫైలు తెరిచాను. తెర మీద తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలూ, నెత్తిన టోపీలు పెట్టుకున్న ఫ్రెంచి అక్షరాలూ, నక్షత్రాలూ, బాణాలూ కలగాపులగంగా ఉన్నాయి. అది నాకు కొత్త కాదు. ఆ ఫైలు ఎప్పుడూ అలాగే ఉండేది. దానిని తెలుగుగా మార్చే చిన్న ప్రోగ్రామొకటి నా దగ్గర ఉన్నది. చాలా ఏళ్ళ క్రితం ఒక స్నేహితురాలు రాసిచ్చింది. ఆ ప్రోగ్రామును పిలిచాను. అది పలకలేదు. అది ఏ కంప్యూటరు భాషలో రాయబడిందో, ఆ భాషను చదవగలిగే ప్యాకేజీ ఆ నూట నలభై మూడింటిలో ఒకటి!

మా నాన్నగారు శ్రీకాకుళం జిల్లా నుంచి పద్దెనిమిదేళ్ళ వయస్సులో ఖరగ్‌పూరు వచ్చి, రైల్వే కార్ఖానాలో ఖలాసీగా చేరారు. ఈ ఊళ్ళో అదేమీ వింత కథ కాదు. పంతొమ్మిదవ శతాబ్దం చివర బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ జంక్షను నిర్మించిన నాటినుంచి తెలుగువారు వస్తూనే ఉన్నారు. మథురాకాటిలోనూ నిమ్‌పురాలోనూ మూడు తరాలుగా తెలుగు వినిపిస్తున్నది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా హోదా ఇవ్వడానికి నిర్ణయించిందంటే, దానికి ముఖ్య కారణం ఈ ఊరే. కాని వచ్చినవారి కథలు కాగితం మీదికి ఎక్కినవి బహు తక్కువ. మా నాన్నగారి నోటుపుస్తకం చెదలపాలయింది. మిగిలినది ఆ ఫైలొక్కటే.

మా అక్క స్నేహితురాలి కొడుకు ఇక్కడి ఐఐటీలో చదువుతున్నాడు. ఆదివారాలలో గోంగూర పచ్చడి కోసం హిజ్లీ నుంచి సైకిలు మీద మా ఇంటికి వస్తాడు. అతనికి నా గోడు చెప్పుకున్నాను. నన్ను ఓదార్చుతాడనుకున్నాను.

“పిన్నిగారూ, మీకు కోపం వస్తుందేమోగాని, మీ కంప్యూటరు చేసింది సబబే” అన్నాడు.

ఆ ఆదివారం మొదలైన వాదన నాలుగు వారాలు సాగింది.

వంటింటి లెక్క

లినక్సు సంగతి తెలియని పాఠకులకు రెండు మాటలు. 1991లో ఫిన్లాండు దేశంలో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి కంప్యూటరుకు మూలాధారమైన ప్రోగ్రామొకటి రాసి, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చునని, మార్చుకోవచ్చునని లోకానికి విడిచిపెట్టాడు. అది పొయ్యి వంటిది. పొయ్యి ఒక్కటే ఉంటే అన్నం ఉడకదు. గిన్నెలు, గరిటెలు, పప్పు, ఉప్పు అన్నీ కావాలి. అవన్నీ సేకరించి, ఒకదానితో ఒకటి పొసిగేటట్లు అమర్చి, పొయ్యితో సహా మన ఇంటికి పంపేవారున్నారు. ఆ అమరికను ‘డిస్ట్రిబ్యూషన్’ అంటారు. తెలుగులో పంపిణీ అనుకుందాం. అందులో ఒక్కొక్క సరుకూ ఒక ప్యాకేజీ.

పంపిణీలలో పేరెన్నికగన్న డెబియన్‌ను 1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ ప్రారంభించాడు. లోకమంతటా చెదిరి ఉన్న స్వచ్ఛంద సేవకులు దానిని నడుపుతున్నారు. జీతాలు లేవు. 2023 జూన్‌లో వెలువడిన దాని పన్నెండవ సంచికలో 64,419 ప్యాకేజీలున్నాయి. 2025 ఆగస్టులో పదమూడవ సంచిక వచ్చేసరికి వాటి సంఖ్య 69,830కి పెరిగింది. అయితే ఆ రెండేళ్ళలో కొత్తగా చేరినవి పధ్నాలుగు వేలకు పైబడి ఉండగా, కాలం చెల్లినవని తీసివేసినవి 8,840కి మించి ఉన్నాయి. అనగా పాత సామానులో ఏడింట ఒక వంతుకు సెలవు చీటీ ఇచ్చారు.

తీసివేయడం ఒక్కసారిగా జరిగే పని కాదు. ప్రతి ప్యాకేజీకి ఒక సంరక్షకుడు గాని, ఒక బృందం గాని ఉంటుంది. సంరక్షకునికి తీరిక లేకపోతే, ‘ఇది అనాథ అయింది, ఎవరైనా చేరదీయండి’ అని బహిరంగంగా ప్రకటిస్తాడు. ఆ ప్రకటనను ‘అనాథ’ అన్న మాటతోనే వ్యవహరించడం నాకు ఆశ్చర్యం కలిగించింది. ఎవరూ చేరదీయకపోతే, దానిలో లోపాలు పేరుకుపోతే, దానిని కన్నవారే మానుకుంటే, అప్పుడు తొలగింపు కోరుతూ ఒక వినతి నమోదవుతుంది. చర్చ జరుగుతుంది. ఆ తరువాతనే భాండాగారం నుంచి తీసివేస్తారు. చదువుతూ ఉంటే మా రైల్వే కార్యాలయాల దస్త్రాలు గుర్తుకు వచ్చాయి. అయితే ఇక్కడ దస్త్రాన్ని ఎవరైనా తెరిచి చూడవచ్చును.

నా స్నేహితురాలు రాసిన ప్రోగ్రాము పైథాన్ అనే భాషలోనిది. అందులోనూ రెండవ తరం పైథాన్. మూడవ తరం 2008లోనే వచ్చింది. ఆ రెండు తరాల మధ్య పొంతన లేదు. పాతదానిని 2015లో నిలిపివేస్తామని మొదట ప్రకటించారు. లోకం సిద్ధంగా లేకపోవడంతో 2020 జనవరి 1 వరకు గడువు పెంచారు. పన్నెండు సంవత్సరాలు పిలిచి పిలిచి చెప్పారన్నమాట. నాకు వినిపించలేదు. కంప్యూటరు భాషల తరాలు మారుతున్న కబురు గోల్‌బజారు దాకా ఎలా వస్తుంది?

“వినిపించకపోవడం వాళ్ళ తప్పు కాదు కదా, పిన్నిగారూ” అన్నాడు మా విద్యార్థి, రెండవసారి పచ్చడి వడ్డించుకుంటూ.

మన జిల్లాలో జరిగినది

“ఉంటే ఉండనీయరాదా? ఒక మూల పడి ఉంటుంది. ఎవరి సొమ్ము తింటుంది?” అని అడిగాను. అటక ఉన్న ఇంట్లో పెరిగినవారందరూ అడిగే ప్రశ్నే ఇది.

దానికతడు పుస్తకాల సమాధానం చెప్పలేదు. బెల్దా పేరు చెప్పాడు. బెల్దా మాకు దక్షిణంగా, ఒరిస్సా వెళ్ళే దారిలో ఉన్న చిన్న ఊరు. 2017 మే నెలలో ‘వన్నాక్రై’ అనే దుష్ట ప్రోగ్రాము లోకాన్ని చుట్టుముట్టింది. నూట యాభై దేశాలలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలోని ఫైళ్ళకు తాళాలు వేసి, తాళంచెవి కావాలంటే సొమ్ము చెల్లించమన్నది. బ్రిటనులో ఆసుపత్రులు రోగులను వెనక్కు పంపవలసి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసుశాఖ కంప్యూటర్లు కొన్ని దాని వాతపడ్డాయి. పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో బెల్దా, నారాయణగఢ్ వంటి చోట్ల విద్యుత్ పంపిణీ సంస్థ వారి కార్యాలయాలలోనూ అదే తాళం పడింది. బిల్లు కట్టడానికి వెళ్ళిన వారు తిరిగి వచ్చారు.

అవి లినక్సు కంప్యూటర్లు కావు, విండోస్‌వి. కాని ఆ దొంగ ప్రవేశించిన ద్వారమే మనకు ముఖ్యం. ఒక కంప్యూటరు మరొక కంప్యూటరుతో ఫైళ్ళు పంచుకోవడానికి 1980లలో రూపొందిన పద్ధతి ఒకటి ఉన్నది. దాని తరువాత అంతకంటె భద్రమైన పద్ధతులు రెండు తరాలు వచ్చాయి. అయినా, ఎక్కడో ఏదో పాత యంత్రానికి అవసరపడుతుందేమోనని, ఆ మొదటి పద్ధతిని తలుపు తీసి ఉంచినట్లే ఉంచారు. ఎవరూ వాడడం లేదు గనుక ఎవరూ దానివైపు చూడలేదు. ఆ రంధ్రాన్ని మూసే మందు రెండు నెలల ముందే, 2017 మార్చిలో వచ్చింది. మందు వేసుకోని యంత్రాలు చిక్కుకున్నాయి. లినక్సులో అదే పని చేసే సాంబా అనే ప్యాకేజీ వారు 2019లో వెలువరించిన సంచిక నుంచి ఆ పాత పద్ధతిని మూసి ఉంచడం మొదలుపెట్టారు. కావలసినవారు తెలిసి, తెరుచుకోవాలి.

అటక మీది సామాను ఎవరి సొమ్మూ తినదన్న నా మాట అక్కడ వీగిపోయింది. ఇత్తడి బిందె మూల పడి ఉంటే దానికి కిలుము పడుతుంది, అంతే. కంప్యూటరులోని పాత ప్యాకేజీ అటువంటిది కాదు. దానికి వీథిలోకి తలుపు ఉన్నది.

ఇది గాక శ్రమ లెక్క ఒకటి ఉన్నది. కింద ఉన్న గ్రంథాలయం ఒకటి మారితే, దాని మీద ఆధారపడిన వందలాది ప్యాకేజీలను మళ్ళీ నిర్మించి, పరీక్షించాలి. వాటిలో ఒక్కటి మొండికేసినా తక్కినవన్నీ ఆగిపోతాయి. ఒక వృద్ధ ప్యాకేజీ కోసం ఒక స్వచ్ఛంద సేవకుడు తన శనివారాలు ధారపోయాలా? ‘ఉంచండి’ అనడం తేలిక. ఉంచేవాడు మరొకడు. అనువాదకురాలిగా నాకీ సంగతి బాగా అర్థమయింది. పాత అనువాదాన్ని ‘కాస్త సవరించి’ ఇవ్వమనే ప్రచురణకర్తలకు ఆ ‘కాస్త’ ఎంతో తెలియదు.

నవంబరు 2017

ఇక నా వైపు వాదన. దానికి ఆధారం కూడ మా ఊళ్ళోనే దొరికింది.

ఖరగ్‌పూరు అనగానే సామాన్య విజ్ఞాన పుస్తకాలు ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారం అని రాసేవి. ఆ బిరుదు 2013లో గోరఖ్‌పూరుకు, 2023లో హుబ్బళ్ళికి పోయింది. పుస్తకాలు కొన్ని ఇంకా మారలేదు. అది అలా ఉంచి, ఇక్కడ అసలు చూడవలసినది ప్లాట్‌ఫారం కాదు. దాని కిరుప్రక్కలా పట్టాలు సాలెగూడులా అల్లుకొన్న తీరు. రెండు రైళ్ళు ఒకే దారిలోకి రాకుండా పాయింట్లనూ సిగ్నళ్ళనూ ఒకదానితో ఒకటి ముడివేసే ఏర్పాటును ఇంటర్‌లాకింగ్ అంటారు. ఎన్నో ఏళ్ళు ఆ పనిని రిలేలు, అనగా విద్యుత్తుతో టకటకమంటూ పడి లేచే మీటలు చేశాయి. 2017 నవంబరులో వాటి స్థానంలో ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ వచ్చింది. 800 మార్గాలను అది ఒక్కటే కనిపెట్టుకొని ఉంటుంది. ఆ మార్పు కోసం కొన్ని దినాలు పెక్కు రైళ్ళు రద్దుచేశారు. ఏ రైళ్ళు నడవవో ముందే ప్రకటించారు. పాతదీ కొత్తదీ పక్కపక్కన నడిపించలేదు. అలా నడిపించడం ప్రమాదం. కాని ఏ ఒక్క ప్రయాణికుడూ ‘నా స్టేషనే మాయమయింది’ అనవలసిన పరిస్థితి రాలేదు. దారి మారింది, చేరవలసిన చోటు మారలేదు.

సరిగ్గా అదే నెలలో, నవంబరు 14వ తేదీన, మరొక మార్పు జరిగింది. అది తెలుగు చదువరులకు సంబంధించినది. మొజిల్లా వారి ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు 57వ సంచిక ఆనాడు వెలువడింది. పాత పద్ధతిలో రాసిన అనుబంధ ప్రోగ్రాములన్నీ ఆ సంచికతో పనిచేయడం మానుకున్నాయి. వాటిలో ‘పద్మ’ ఒకటి.

పద్మ అంటే ఏమిటో చెప్పాలంటే తెలుగు అక్షరాల పూర్వకథ కొంత చెప్పాలి. యూనికోడు అనే అంతర్జాతీయ పద్ధతిలో తెలుగుకు 1991 నుంచే చోటున్నది. కాని అది మన వాడుకలోకి రావడానికి ఏళ్ళు పట్టింది. ఈలోగా ప్రతి పత్రికా, ప్రతి డీటీపీ దుకాణమూ తన సొంత ఫాంటుతో పని సాగించుకున్నది. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరం అక్షరంగా ఉండదు. ముక్కలుగా ఉంటుంది. తలకట్టొక ముక్క, గుడి ఒక ముక్క, కొమ్మొక ముక్క, వత్తొక ముక్క. ఒక్కొక్క ముక్కనూ ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరం స్థానంలో కూర్చోబెట్టారు. ‘క్రొత్త’ అని రాయాలంటే మనం పలికే క్రమం కాదు, కంటికి కనిపించే క్రమం ముఖ్యం. క్రావడి ఒక ఫాంటులో కకారానికి ముందు వస్తే, మరొక ఫాంటులో తరువాత వస్తుంది. ఆ ఫాంటు ఉన్నంతకాలం అంతా తెలుగే. అది లేకపోతే తెర మీద మిగిలేది నక్షత్రాలూ బాణాలూ. నేను ఇరవై ఏళ్ళ క్రితం చేసిన అనువాదాలన్నీ ఈ రకపు ముక్కల తెలుగులోనే ఉన్నాయి. ఆనాటి తెలుగు పత్రికల, పుస్తకాల మూలప్రతులు అనేకం ఇప్పటికీ అలాగే ఉన్నాయనడంలో సందేహం లేదు.

2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టిన వెన్న నాగార్జున గారే పద్మను రూపొందించారు. ఈనాడు, వార్త వంటి పత్రికల వెబ్ పుటలు ఏ ఫాంటులో ఉన్నా, ముక్కలను ఏరి, క్రమం సరిచేసి, యూనికోడు తెలుగుగా అప్పటికప్పుడు చూపించేది అది. లినక్సు వాడేవారికి ఆ పత్రికల ఫాంట్లు సరిగా పనిచేయని రోజులలో పద్మయే దిక్కు. అటువంటి పనిముట్టు ఒక సంచిక మార్పుతో మూగబోయింది.

మొజిల్లా వారి కారణాలు బలమైనవే. పాత అనుబంధాలు బ్రౌజరులో ఏ గదిలోకైనా చొరబడగలవు. వాటిని ఉంచి బ్రౌజరును భద్రంగా, వేగంగా చేయడం సాధ్యం కాదు. దీనిని నేను కాదనను. పత్రికలు కూడ అప్పటికి యూనికోడులోకి మారాయి గనుక పద్మ అవసరం తగ్గిపోయిందన్నారు. ఇక్కడ మాత్రం నాకు అభ్యంతరం ఉన్నది. రేపటి పత్రిక చదవడానికి పద్మ అక్కరలేదు. నిన్నటి పత్రిక చదవడానికి కావాలి. ‘వాడకం తగ్గింది’ అన్నప్పుడు లెక్కించినది ఏ రోజు వాడకం?

తలలు లెక్కపెట్టడం

డెబియన్ వారికి ఒక లెక్కల పద్ధతి ఉన్నది. వాడుకరి అనుమతిస్తే, అతని కంప్యూటరులో ఏ ప్యాకేజీలున్నాయో, ఏవి వాడుకలో ఉన్నాయో వారానికొకసారి ఒక చీటీ కేంద్రానికి వెళుతుంది. తొలగింపు చర్చలలో ఆ అంకెలు తరచు సాక్ష్యం చెబుతాయి. అయితే అనుమతి ఇచ్చేవారు కొద్దిమంది. అడిగినప్పుడు ‘వద్దు’ అనేవారు, అసలు ప్రశ్నే చదవనివారు, ఇంటర్నెట్టు లేని పాఠశాలలో పాత యంత్రాల మీద పని చేసేవారు ఆ లెక్కలోకి రారు. ఇంగ్లీషు వాడేవారు లక్షలలో ఉంటే ఈ తరుగు కనిపించదు. తెలుగు ముక్కల ఫాంటును యూనికోడుగా మార్చే పనిముట్టుకు లోకంలో నలభైమంది వాడుకరులుండి, అందులో చీటీ పంపేవాడు ఒక్కడే అయితే, అది ‘ఎవరూ వాడని’ ప్యాకేజీల జాబితాలోకి చేరుతుంది. చిన్న భాషల సామాను ఇలాగే ముందుగా అటక దిగుతుంది.

పెద్ద గొంతులున్న చోట సంగతి వేరు. 2019 జూన్‌లో ఉబుంటు పంపిణీ వారు 32 బిట్ల పాత ప్యాకేజీలను తమ తదుపరి సంచిక నుంచి నిలిపివేస్తామన్నారు. కంప్యూటరు ఆటలవారు, విండోస్ ప్రోగ్రాములను లినక్సు మీద నడిపించుకొనేవారు గగ్గోలు పెట్టారు. వారం తిరగకుండా నిర్ణయం మార్చి, ఎంపిక చేసిన కొన్ని ప్యాకేజీలను ఉంచారు. ఆటలు ఆడేవారికి దక్కిన ఆలకింపు అరవై ఏళ్ళ ఖలాసీ జ్ఞాపకాలకు దక్కుతుందని నేను అనుకోను.

ఈ మాట అన్నప్పుడు మా విద్యార్థి మొదటిసారి జవాబు చెప్పకుండా ఊరుకున్నాడు. తరువాత, “మరి మీరు ఒక్కసారైనా ఆ చీటీకి అనుమతి ఇచ్చారా?” అని అడిగాడు. ఇవ్వలేదు.

కార్ఖానాలో నేర్చిన పాఠం

నాలుగవ ఆదివారం మేమిద్దరమూ ఒక చోటికి చేరుకున్నాము. చేర్చినది మా నాన్నగారి కార్ఖానా.

బెంగాల్ నాగపూర్ రైల్వే వారికి గారట్ జాతి ఆవిరి యంత్రాలుండేవి. 1930 ప్రాంతాలలో మాంచెస్టరులో బేయర్ పీకాక్ కంపెనీవారు తయారుచేసినవి. మధ్యన బాయిలరు, రెండు కొసలా రెండు యంత్రాలు. ఖనిజం నిండిన బరువైన బండ్లను లాగడంలో వాటికి సాటి లేదనేవారు. డీజిలూ విద్యుత్తూ వచ్చాయి. వాటికి సెలవిచ్చారు. 1995 నాటికి దేశంలో బ్రాడ్‌గేజి మీద ఆవిరి యుగమే ముగిసింది. ఆ నిర్ణయం తప్పని ఎవరంటారు? బొగ్గు యంత్రాన్ని ఇవాళ హౌరా మెయిలుకు తగిలిస్తే ఆ దారిలో వచ్చే రైళ్ళన్నీ ఆగిపోతాయి.

కాని గారట్ యంత్రాలన్నిటినీ తుక్కు చేయలేదు. ఒకదానిని 2006లో మా ఖరగ్‌పూర్ కార్ఖానాలోనే విప్పి, బాగుచేసి, మళ్ళీ ఆవిరి ఎక్కించి నడిపించారు. ఆనాడు మా నాన్నగారు పదవీ విరమణ చేసి చాలా కాలమయింది. అయినా ఇస్త్రీ చొక్కా తొడుక్కొని దాని కూత వినడానికి వెళ్ళి, ఆ సాయంత్రమంతా మాట్లాడకుండా కూర్చున్నారు.

లైను మీదినుంచి తీసివేయడం వేరు, తుక్కుకు పంపడం వేరు. పంపిణీలో కూడ ఈ రెండు పనులూ వేర్వేరుగా జరగాలన్నదే నా పక్షం. సంరక్షకుడు లేని ప్యాకేజీని నడిచే సంచికలో ఉంచకూడదు. అది బెల్దా తలుపు వంటిది. అయితే దాని మూలపాఠాన్ని, దానికి కావలసిన పరివారంతో సహా, షెడ్డులో భద్రపరచాలి. అంతకుమించి, ఆ ప్యాకేజీ తప్ప మరేదీ చదవలేని ఫైళ్ళు లోకంలో ఉన్నట్లయితే, దానిని తీసేముందు వాటిని మార్చుకునే దారి ఒకటి చూపాలి. తొలగింపు ప్రశ్న అడిగేటప్పుడు 143 పేర్లు చీమలబారులా చూపించి ‘ఔనా, కాదా?’ అంటే చాలదు. ‘ఇది పోతే నీ దగ్గరున్న ఫలానా ప్రోగ్రాము పలకదు’ అని ఒక్క వాక్యం రాయాలి. వాక్యాలు రాయడం నా వృత్తి గనుక ఈ పని ఎంత చిన్నదో, చేయకపోతే ఎంత చేటో నేను చెప్పగలను.

మొదటి భాగం, అంటే షెడ్డు, ఇదివరకే ఉన్నదని నాకు తెలియదు. డెబియన్ వారు 2005 నుంచి తమ భాండాగారం ఏ రోజున ఎలా ఉన్నదో అలాగే ముద్రవేసి దాచుతున్నారు. తొలగించిన ప్యాకేజీలన్నీ అందులో ఉన్నాయి. దానిని సామాన్య వాడుకరికి ఎవరూ పనిగట్టుకొని చెప్పరు. గారట్ యంత్రం ఏ షెడ్డులో ఉన్నదో ప్రయాణికునికి చెప్పనట్లే.

మా విద్యార్థి నా కంప్యూటరులో ఒక పెట్టెలో పెట్టెలా చిన్న పాత వ్యవస్థను నిర్మించాడు. దానికి ఇంటర్నెట్టుతో సంబంధం తెగగొట్టాడు. తలుపు లేని గదిలో పాత సామాను ఎంత పాతదైనా ప్రమాదం లేదన్నాడు. అందులోకి ఆ ముద్రవేసిన భాండాగారం నుంచి రెండవ తరం పైథాన్‌ను తెచ్చి, నా స్నేహితురాలి ప్రోగ్రామును నిలబెట్టాడు. గంటన్నర పట్టింది. మా నాన్నగారి ఫైలు దాని నోటికి అందించాడు.

తెర మీద తెలుగు వచ్చింది. మా అమ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడి మొదటి పుట చదివింది.

కాని పుట నిండా చిన్న చిన్న గళ్ళు. అది ప్రోగ్రాము దోషం కాదు, నా దోషమే. ముక్కల ఫాంట్లలో కొన్ని ముక్కలు 160, 173 అనే అంకెల స్థానాలలో కూర్చుంటాయి. కంప్యూటరు దృష్టిలో ఆ రెండు స్థానాలూ కంటికి కనిపించని గుర్తులకు చెందినవి. 2009లో నేను పాత కంప్యూటరు నుంచి దీనికి మారేటప్పుడు ఆ ఫైలును ఉత్తరంలో అతికించి నాకు నేనే పంపుకున్నాను. ఆ దారిలో ఎక్కడో ఈ రెండు ముక్కలనూ ఖాళీలనుకొని ఒకే రకపు ఖాళీగా మార్చారు. నా ఫాంటులో వాటిలో ఒకటి ‘అ’, రెండవది ‘క’. ఇప్పుడు రెంటికీ ఒకే గడి.

212 పుటలు. రోజుకు ఆరేడు పుటలు సరిచేస్తున్నాను. చాలా చోట్ల కష్టం లేదు. ‘□మ్మ’ అంటే అమ్మే. ‘□ర్ఖానా’ అంటే కార్ఖానాయే. వాక్యమే చెబుతుంది. 88వ పుటలో మాత్రం ఆగిపోయాను. ఊళ్ళో మా నాయనమ్మకు జబ్బుగా ఉన్నదని తంతి వచ్చిన రాత్రి, చేతిలో రైలుఛార్జీ లేని మా నాన్నగారికి ఒకరు పద్దెనిమిది రూపాయలిచ్చి బండి ఎక్కించారట. ‘□న్నయ్య తన జీతం కవరు ఇంకా విప్పలేదు. అలాగే నా చేతిలో పెట్టాడు’ అని ఉన్నది.

కన్నయ్య మా నాన్నగారితో ఒకే క్వార్టరులో ఉన్న స్నేహితుడు. అన్నయ్య, అంటే మా పెదనాన్నగారు, అదే కార్ఖానాలో పని మానుకొని వెళ్ళిపోయారు. ఆయనతో మా ఇంటికి రాకపోకలు తెగిపోయి నలభై ఏళ్ళు. టైపు చేసినది నేనే. నాన్నగారు ఆ వాక్యం చెప్పినప్పుడు ఎవరి పేరు అన్నారో నాకు జ్ఞాపకం లేదు. నిమ్‌పురాలో ఆనాటి క్వార్టరులో ఉన్నవారు ఒక్కరు మిగిలారని తెలిసింది. ఎనభై ఆరేళ్ళు. చెవి సరిగా వినిపించదట. ఈ ఆదివారం వెళ్ళాలి.